కంప్యూటర్ కాల్చినోడు

పుల్లలచెరువు వైపు ఒక ఊరి హైస్కూలుకు మొదటిసారి నాలుగు కంప్యూటర్లు వచ్చాయి. హెడ్మాస్టరు వాటికి పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఏడో తరగతి పిల్లల్ని వరసలో నిలబెట్టి, తలా ఒక మీట నొక్కమన్నాడు. వరప్రసాదం వంతు వచ్చింది. నొక్కాడు. తెర నల్లబడింది.

సరిగ్గా అప్పుడే పైన ఫ్యాను కూడా నెమ్మదించి ఆగింది. కరెంటు పోయింది, అంతే. కానీ ఫ్యాను వైపు చూసినవాడు ఒక్కడే, వరసలో వాడి వెనక ఉన్న ప్రకాశరావు. గంట తర్వాత కరెంటు వచ్చినా ఆ కంప్యూటరు మళ్ళీ వెలగలేదు. "పార పట్టే చేతులకు ఇవెందుకురా?" అని హెడ్మాస్టరు వరప్రసాదం అరచేతులు వాచేట్టు కొట్టి, గదికి తాళం వేశాడు. వాళ్ళు పదో తరగతి దాటిపోయేదాకా ఆ తాళం తియ్యలేదు. బడి మొత్తానికి కంప్యూటరు లేకుండా చేసినవాడు వరప్రసాదమే అయ్యాడు. పేరు పోయి 'కంప్యూటర్ కాల్చినోడు' మిగిలింది. ఎవరన్నా అడిగితే చెబుదామనుకున్నాడు ప్రకాశరావు. ఎవరూ అడగలేదు.

పదమూడేళ్ళ తర్వాత ఇద్దరూ మార్కాపురంలో ఒకే గదిలో తేలారు. శేషగిరిరావు బట్టల దుకాణం మీద, రేకుల కప్పు కింద ఆయన పెట్టిన కంప్యూటర్ సెంటరు అది. పొద్దున తాళం తీసేది, రాత్రి వేసేది ప్రకాశరావు. మధ్యలో డిగ్రీ పిల్లలకు ట్యాలీ చెప్పేవాడు. వరప్రసాదం చదువు మధ్యలో ఆగింది. జిరాక్స్ దుకాణంలో పనిచేస్తూ, ఫోనులో చూసి తనంతట తాను నేర్చుకున్నాడు. 2023 ఎండాకాలంలో పిల్లలకు ఆటలు తయారు చెయ్యడం నేర్పిస్తానని వచ్చాడు. శేషగిరిరావు బోర్డు మీద 'సమ్మర్ కోడింగ్' అని రాయించాడు. ఆట అనే మాట ఎక్కడా రాకుండా చూసుకున్నాడు.

"ఫోనులో ఆట మానుతాడని పంపిస్తే నువ్వు ఆటలే నేర్పిస్తా ఉండావా నాయనా?" అని మొదటి వారమే ఒక తల్లి మెట్లెక్కి వచ్చింది.

"ఆడేది వేరమ్మా, చేసేది వేరు. మీవాడు చేసిన ఆట ఒకసారి ఆడి చూడండి" అన్నాడు వరప్రసాదం. ఆమె ఆడింది. మూడుసార్లు ఓడిపోయి కొంగుతో మొహం తుడుచుకుని వెళ్ళిపోయింది. 

మొదటి రోజు పాఠం ఒక్కటే: "అన్ని మీటలూ నొక్కండి. ఏదీ కాలిపోదు." తెర మీద ఆజ్ఞలు రాసిన రంగు దిమ్మెలు ఒకదానికింద ఒకటి అతికిస్తే బొమ్మ నడుస్తుంది, ఎగురుతుంది. కరెంటు పోతే పలకలు తీయించేవాడు. మార్కాపురం పలకలు తయారయ్యే ఊరు కదా, వాటికి కొదవ లేదు. పలక మీద గళ్ళల్లో దారి గీసి, ఒక పిల్లను బొమ్మగా నిలబెట్టి, మిగతావాళ్ళు 'రెండడుగులు ముందుకు, కుడికి తిరుగు' అని అరిచేవాళ్ళు. పది గంటలకే కుండలో నీళ్ళు అయిపోయేవి. రేకుల వేడికి ప్రకాశరావుకు తల తిరిగేది. వరప్రసాదానికి విసుగెందుకు రాదో అర్థమయ్యేది కాదు.

దుకాణం ఊడ్చే పుష్పమ్మ కూతురు ఎలీషబా, పదేళ్ళ పిల్ల, మొదట మెట్ల మీద కూర్చుని చూసేది. వరప్రసాదమే లోపలికి పిలిచి నాలుగో కంప్యూటరు ముందు కూర్చోబెట్టాడు. ఆ పిల్ల చేసే ఆటలో ఒక అమ్మాయి బిందె పట్టుకుని రాళ్ళ లారీలు తిరిగే రోడ్డు దాటి నీళ్ళ ట్యాంకరు దగ్గరికి పోవాలి.

"లారీ గుద్దితే చచ్చిపోతదా?" అని అడిగాడు ప్రకాశరావు ఒకసారి.

"చావదు సార్. బిందె కింద పడతది. మల్ల నింపుకోవాల" అంది. ఏమీ తెలియని మనిషిని చూసినట్టు చూసింది.

ఒకనాడు శేషగిరిరావుతో టీ తాగుతూ, మాటల్లో నవ్వించడానికని, ప్రకాశరావు వరప్రసాదం పాత పేరు చెప్పాడు. ఆయన నవ్వాడు. ఆ ముచ్చట అంతటితో అయిపోయిందనుకున్నాడు ప్రకాశరావు.

మే నెల మూడో వారంలో, పొద్దున స్విచ్చులు వేస్తుంటే నాలుగో కంప్యూటరు నుంచి కమురు వాసన వచ్చింది. ప్రకాశరావు ముక్కు దగ్గరగా పెట్టి చూశాడు. చెబితే మెకానిక్కును పిలవడం, పడిగాపులు పడటం తన నెత్తినే పడుతుంది. ఊరుకున్నాడు.

పదకొండింటికి ఎలీషబా తన ఆట నడిపించడానికి మీట నొక్కింది. టప్పుమంది. పొగ లేచింది. పిల్లలందరూ ఆ పిల్లనే చూశారు. ఎలీషబా రెండు చేతులూ తొడల కింద దాచుకుంది.

శేషగిరిరావు ఆయాసపడుతూ పైకొచ్చాడు. "ఎవరు నొక్కినారు?"

చీపురు పట్టుకుని పుష్పమ్మ గుమ్మంలో నిలబడిపోయింది.

"నేనే నొక్కినా సార్" అన్నాడు వరప్రసాదం.

"నువ్వా? చిన్నప్పుడే ఒకటి కాల్చినావంట గదయ్యా! అలవాటు పోలేదన్నమాట" అన్నాడు శేషగిరిరావు. తర్వాత తిరిగి, "ఏం ప్రకాశరావూ, నువ్వు ఈడనే ఉండావు గదా, ఏం జరిగింది?" అన్నాడు.

ఈసారి అడిగారు.

"నేను కిటికీ దగ్గరుండా సార్. చూడలేదు" అన్నాడు ప్రకాశరావు.

వరప్రసాదం ఆ మధ్యాహ్నమే టిఫిన్ డబ్బా, పుస్తకాలు సంచిలో వేసుకుని మెట్లు దిగాడు. మిగిలిన పది రోజులు ఒక్క కంప్యూటరు మీద చూపించి సరిపెట్టమన్నాడు శేషగిరిరావు. పిల్లల్ని చెయ్యి వెయ్యనియ్యవద్దన్నాడు. ప్రకాశరావు అట్లాగే చేశాడు. సాయంత్రాలు పిల్లలు దూరదామని వస్తారని, ట్యాలీ అయిపోగానే గదికి తాళం పెట్టడం మొదలుపెట్టాడు.

దసరా ముందు ఒక సాయంత్రం మార్కాపురం బస్టాండులో వరప్రసాదం కనిపించాడు. గిద్దలూరులో మళ్ళీ జిరాక్స్ దుకాణంలోనే చేరాడట. బాగా నలిగిపోయి ఉన్నాడు. పాత సంగతి ఎత్తలేదు. టీ వద్దన్నాడు.

"ఎలీషబా ఆట అయిపోయిందా?" అని అడిగాడు.

"యాడ? కంప్యూటరు బాగు చేయించినారు గానీ, ఆ పిల్ల లోపలికి రాదు. సాయంత్రం వాళ్ళమ్మ ఊడ్చేదాకా మెట్ల మీద కూర్చోనుంటది."

"పిలవలేదా నువ్వు?"

"ఏమని పిలవాల్రా? ఆ పొద్దుకు గదికి తాళమేసి ఉంటది."

గిద్దలూరు బస్సు వచ్చింది. వరప్రసాదం సంచి భుజాన వేసుకుని మెట్టు మీద ఒక కాలు పెట్టి, వెనక్కి తిరిగాడు.

"తాళంచెవి నీ దగ్గరే ఉంటది గదరా, ప్రకాశం" అన్నాడు.