ఉప్పుగంజి వద్దన్న రోజు

మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటి మనిషిని నేనే. అడిగినవాళ్లకీ, అడగనివాళ్లకీ ఈ మాట చెబుతూనే ఉన్నాను. మే నెల మిట్టమధ్యాహ్నం ఫోన్లో ఫలితం చూసుకుని, నాన్నకు చెప్పాలని సైకిలెక్కి నౌపడ ఉప్పుమడులకు పోయాను.

విని, నాన్న ఉప్పుచేతులతోనే నా తల నిమిరాడు. ఇంకేదో అనబోతుంటే రేకుల పాక నుంచి మేనమామ కేకేశాడు. మా కుక్క పడిపోయింది.

ఉప్పుకుప్పలు తొక్కుతోందని పొద్దున నాన్నే దాన్ని పాక గుంజకు కట్టేశాడు. మధ్యాహ్నానికి రేకు పెనంలా కాలింది. నాలుక వేలాడేసి, చొంగ కారుస్తూ, లేవబోయి తూలిపోతోంది.

ఉప్పుమడుల్లో ఎవరికి కళ్లు తిరిగినా మందు ఒక్కటే, గుప్పెడు ఉప్పేసిన గంజి. మామ అప్పటికే గిన్నె తెచ్చేశాడు.

"నోరు తెరిసి పట్టండి. దెబ్బకి లేస్తాది."

గిన్నెకు చెయ్యి అడ్డం పెట్టాను. "వద్దు మావా. మనకి సెమటలో ఉప్పు పోతాది, అందుకు తాగుతాం. దానికి మనలాగ సెమట పట్టదు."

"పాసయ్యి గంట కాలేదు, అప్పుడే డాట్రమ్మవైపోనావేటే? మీ తాత ఈ గంజి తాగే బతికినాడు!"

"తాత కుక్క కాదు కదా మావా!"

తాడు కోసి, కుక్కను నీళ్లు తోడే ఇంజను గది గోడ నీడలోకి ఈడ్చుకెళ్లాను. ఊళ్లోంచి మోసుకొచ్చిన మంచినీళ్లు రెండు బిందెలున్నాయి. ఒక బిందె దాని పొట్ట మీద, తొడల మీద, పాదాల మీద పోశాను.

"ఒసే! తాగే నీలే అవి! మడిలో నీలున్నాయి కదా, అవి పొయ్యి!" అని మామ అరిచాడు.

"మడిలో నీలు కాలిపోతన్నాయి. ఒల్లు నాకిందంటే ఆ ఉప్పే కడుపులోకెల్తాది."

అడుగున కాసిని ఉంచి రెండో బిందె కూడా వంచేశాను. ఉప్పుతట్టతో విసరడం మొదలుపెడితే నాన్న ఇంకో తట్ట అందుకుని ఎదురుగా కూర్చున్నాడు.

"కట్టినోడ్ని నేనే. ఇసురమ్మా, ఆపకు," అన్నాడు.

ఊపిరి కాస్త నెమ్మదించి, కుక్క నా అరచేతిలో నీళ్లు నాకిన తర్వాత ఆటోలో పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లాం. డాక్టరు సెలైన్ పెట్టగానే మామ నా వైపు తిరిగాడు.

"ఆ సీసాలో ఉన్నదేటి? ఉప్పునీలే గదా!"

"కొలత సూసి నరంలోకి ఎక్కిస్తన్నారు మావా. గుప్పెడేసి గొంతులో పొయ్యట్లేదు."

మామ ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోతే పోనీ! కుక్క బతికింది. సాయంత్రం ఆ రెండు బిందెలూ నేనే నింపి తెచ్చాను.

మిగిలిన ఎండాకాలం పగలంతా దాన్ని ఇంట్లో ఫ్యాను కింద గచ్చు మీదే పడుకోబెట్టాను. మామ వచ్చినప్పుడల్లా, "కుక్కకి ఫేనేటి, సిగ్గులేకపోతే సరి!" అంటూ స్విచ్ వైపు చెయ్యి చాపేవాడు. నేను నోరు తెరిచేలోగానే నాన్న లేచి స్విచ్‌కి అడ్డంగా నిలబడేవాడు.