సత్యానందం గారి జోన్లు

సత్యానందం గారు దేన్ని చూసినా ముందు అది ఏ జోనులో ఉందో అడుగుతారు. పట్టణ ప్రణాళిక ఆఫీసులో ముప్పైరెండేళ్లు మ్యాపులకు రంగులు వేసి రిటైరయ్యారు. ఆయన రంగు పెన్సిళ్లు మాత్రం రిటైరవలేదు. ఇళ్లకు పసుపు, దుకాణాలకు నీలం, పార్కులకు పచ్చ.

సొంత ఇంటికీ మ్యాపు గీసి గోడకు తగిలించారు. వాళ్లావిడ శాంతమ్మ మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలిస్తే ఒప్పుకోరు.

“అది నివాస జోనే. పరిశ్రమలు వంటింట్లో ఎట్టుకో.”

“మరి మీ గురక ఏ జోన్లోకొస్తాది?”

దానికి ఇంతవరకు ఆయన రంగు తేల్చలేదు.

అసలీ జోన్లెందుకని పొరపాటున అడిగామా, న్యూయార్కు దాకా నడిపిస్తారు. “వందేళ్ల కిందట అక్కడొకడు నలభై అంతస్తుల మేడ కట్టీసాడు. నీడ పడి పక్కోళ్లకి ఎండ నేకుండా పోనాది. అప్పుడొచ్చిందిరా జోన్ల సట్టం.” అక్కణ్ణుంచి మద్రాసు చట్టానికి వచ్చేసరికి మన టీ చల్లారిపోతుంది.

మా వీధి మూలనున్న అప్పలమ్మ దోసెల పొయ్యి అంటే ఆయనకు మరీ పట్టింపు. రోజూ టేపు పెట్టి కొలిచేవారు.

“జానెడు రోడ్డు మీదికొచ్చింది. ఎనక్కి జరుపు.”

ఆవిడ గొణుక్కుంటూ జరిపేది.

కిందటేడు గజపతినగరం దగ్గరున్న మా ఊరికి కొత్త మాస్టర్ ప్లాను ముసాయిదా వచ్చింది. అందులో మా వీధంతా పసుపు. అంటే ఇళ్లు తప్ప దుకాణం ఉండకూడదు. మొగుడు పోయాక ఆ పొయ్యి మీదే బతుకుతున్న అప్పలమ్మ మొహం చూడలేకపోయాం. అభ్యంతరాలకు నెల గడువిచ్చారు గానీ, ఏం రాయాలో మాకెవరికీ తెలియదు.

ఆ నెలంతా సత్యానందం గారు టేపు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగారు. గుమ్మం కొలిచి, కాగితం చాపేవారు.

“సదివి సంతకం పెట్టండి.”

చదివితే ఏదో ఒకటి అడగాలి. అడిగితే న్యూయార్కు. చదవకుండానే గబగబా పెట్టేసి పంపించాం.

గడువయ్యాక ఆఫీసరు పిలిస్తే అప్పలమ్మకు తోడుగా నేనూ వెళ్లాను. ఆయన ఫైలు తెరిచాడు.

“మీ దోసెల కొట్టు ఉండాలని నలభై ఇళ్లవాళ్లూ రాసిచ్చారమ్మా. కొలతలతో వీధి పటం కూడా పెట్టారు. ఆ మూలకు నీలం వేయిస్తున్నాను.”

ఆ కాగితాల్లో నా సంతకమూ ఉంది.

బయట సత్యానందం గారు నిలబడి ఉన్నారు. అప్పలమ్మ కళ్లొత్తుకుంది.

“ఇన్నాళ్లూ నా పొయ్యి మీదే పడేవోడివి గదా మావా.”

“జరపమన్నాను. తీసీమన్నానేటి?”

ఆయన చేతులు పట్టుకోవాలనిపించింది నాకు. ఏదో అడగబోతున్నాననుకుంటారేమోనని ఊరుకున్నాను.

మర్నాడు పొద్దున్నే వీధంతా దోసెలకు దిగింది. అక్షరం అక్షరం చదివే సంతకం పెట్టానని ప్రతివాడూ అప్పలమ్మతో చెప్పాడు. నేనూ అదే చెప్పాను. బెంచీ చివర కూర్చుని దోసె తింటున్న సత్యానందం గారు ఎవరి మాటా కాదనలేదు.