సాగనంపవే అన్న మాట

పచ్చి చెనక్కాయలు ఉడికే వాసన తగిలితే ఇప్పటికీ నాకు ఆకలి కన్నా ముందు భయమే పుడుతుంది. తమిళనాడులో ధర్మపురి దగ్గర ఇండూరులో, నాకు ఎనిమిదేళ్లప్పుడు, వేరుశెనగ చెట్లు పెరికే కాలంలోనే ఆ పాట మా ఇంట్లోకి వచ్చింది.

అమ్మ పుట్టిల్లు కుప్పం పక్క. అక్కడి నుంచి తెచ్చుకున్న సినిమా క్యాసెట్టును రోజూ పెట్టుకుని, వసారాలో కూర్చుని, ఎర్రమట్టి అంటిన వేళ్లతో కాయలు తెంపుతూ తనూ గొంతు కలిపేది: "ఏరు దాటి పోతున్నా, నన్ను సాగనంపవే." ఇంట్లో తెలుగు మాట్లాడినా మాకు బడిలో, బస్సులో, అంగట్లో అంతా తమిళమే. 'సాగనంపవే' అన్న మాట నేనెప్పుడూ వినలేదు. పదో తరగతి చదివే మా పెదనాన్న కూతురు మంజులక్కను అడిగాను.

"సాగ అంటే తమిళంలో సచ్చేదానికి కదా పాపా, నంబు అంటే నమ్ము. సచ్చిపోతా, నన్ను నమ్ము అంటా ఉండాది," అంది.

ఆ నెలలోనే అమ్మ గొంతు మీద నిమ్మకాయంత గడ్డ లేచింది, సేలంలో ఆపరేషన్ చేయాలన్నారు. పెద్దవాళ్లు నన్ను చూడగానే మాటలు ఆపేసేవారు. అమ్మ మాత్రం పాడుతూనే ఉండేది. ఆమె బావి దగ్గరికి వెళ్తే కొంగు పట్టుకుని వెంట నడిచేదాన్ని. ఒకరోజు క్యాసెట్టును రాగుల బానలో అడుగుకంటా దాచేశాను. అది లేకుండానే అమ్మ పాడింది.

అమ్మా నాన్నా సేలం బయలుదేరిన రోజు, మొరప్పూర్ స్టేషన్లో బెంచీ మీద కూర్చుని అమ్మ మళ్లీ అదే పాట అందుకుంది. నేను ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టి ఏడ్చాను.

"సచ్చిపోతానని ఎందుకు పాడతా ఉండావు?"

అమ్మ నా చెయ్యి పక్కకు తీసింది. "అట్లని ఎవురు చెప్పినారు? సాగనంపేదంటే ఊరికి పోయేవాళ్లను రైలు దాకా వచ్చి పంపిచ్చేది. ఇప్పుడు నువ్వు వచ్చినావే, అదే."

నాన్న ముఖం పక్కకు తిప్పుకున్నాడు. నన్ను దగ్గరికి లాక్కున్న అమ్మ చేతులు చల్లగా ఉన్నాయి. అంతవరకూ భయం నా ఒక్కదానికే అనుకున్నాను. రైలు కదిలాక ఆమె కిటికీలోంచి చెయ్యి ఊపింది. నా చెయ్యి పైకి లేవలేదు.

పన్నెండు రోజులకు అమ్మ మెడకు పట్టీతో తిరిగొచ్చింది. నరం దెబ్బతింది, మాట సన్నగా వస్తుంది కానీ పాట రాదని డాక్టర్లు చెప్పారట. క్యాసెట్టు తీసిచ్చాను. అమ్మ దాన్ని పెట్టె అడుగున పెట్టేసింది, మళ్లీ వినలేదు.

ఇప్పుడు మా చెనక్కాయ చేనంతా ఇళ్ల స్థలాలయింది. క్యాసెట్టు అంటే ఏమిటో మా పిల్లలకు తెలియదు. అమ్మ మాత్రం బాగుంది, సెలవులకు వెళ్తే వాళ్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని గుసగుసగా కథలు చెబుతుంది. వాళ్ల అవ్వ పుట్టినప్పటి నుంచీ అలాగే మాట్లాడుతోందని వాళ్లనుకుంటున్నారు.