పద్నాలుగు కలిపిన లెక్క

తొంభైల నుంచి పుంగనూరులో నాకు పశువుల దాణా అంగడి ఉండేది. ఏడో తరగతితోనే చదువు ఆగిపోయినా లెక్కలంటే నాకు పిచ్చి. వంకర టింకరగా ఉన్న చేను కొలిచి ఎన్ని గుంటలో చెప్పడం, ఆవు ఇచ్చే పాలను బట్టి తవుడెంత, చెక్కెంత కలపాలో చెప్పడం, ఇవన్నీ నాకు నేనే తిప్పలు పడి నేర్చుకున్నాను. చౌడేపల్లె వైపు రైతులు దాణా కొనకపోయినా లెక్క అడగడానికి వచ్చేవారు. ఆ మాట ఎలాగో మా ఎమ్మెల్యే చెవిన పడింది.

ఆయన అసెంబ్లీలో ఊరికే కూర్చునే మనిషి కాదు. ఆస్పత్రిలో డాక్టరు లేడని, టమాటాకు ధర లేదని, పట్టుగూళ్ళు కొనే దిక్కు లేదని లేచి అడుగుతూనే ఉండేవాడు. ప్రతిసారీ మంత్రుల దగ్గర అంకెలుండేవి, ఈయన దగ్గర మాటలే ఉండేవి. రెండువేల సంవత్సరం వచ్చినాక ఒకరోజు మా అంగడి ముందు జీపు ఆపించాడు.

"ఏమప్పా, లెక్కలాయన నువ్వేనా?"

"నేనే సార్."

"ముసలోళ్ళ పింఛన్ల మింద ప్రశ్న ఏస్తాండాను. అర్హులందరికీ ఇస్తాండాము, కాసుకోని ఉండేవోళ్ళు ఎవురూ లేరంటారు వాళ్ళు. ఒక్క ఊర్లో అన్నా ఇంటింటికీ తిరిగి పేర్లతో రాసియ్యి. ఆ కాయితం సభలో ఎత్తి సూపిస్తా."

అప్పటి పద్ధతి తెలియనివారికి చెప్పాలి. ఊరికి ఇన్ని పింఛన్లని ఉండేవి. అరవై ఐదు నిండినవారికి నెలకు డెబ్బై ఐదు రూపాయలు. ఆ సంఖ్య పెరిగేది కాదు. తీసుకుంటున్నవారిలో ఒకరు చనిపోతేనే ఇంకొకరికి ఇచ్చేవారు. అలా వచ్చిన చోటును మండలాఫీసులో 'ఖాళీ' అనేవారు.

నేను ఎంచుకున్నది పుంగనూరుకు దగ్గర్లో, మా నాయన కాలం నుంచి తెలిసిన ఊరు. మా నాయనతో కలిసి బండి తోలిన ఆయన భార్య అక్కడే ఉండేది. భర్త పోయాడు, పిల్లల్లేరు. నేను పెద్దమ్మా అని పిలిచేవాణ్ణి. పింఛను రాగానే బీపీ మాత్రలు కొనుక్కోవడానికి నెలకోసారి పుంగనూరు వచ్చి, బస్సు వచ్చేదాకా మా అంగడి బల్ల మీద కూర్చునేది.

ఊళ్ళోకి దిగినాక తెలిసింది, వయసు కనుక్కోవడం ఎంత కష్టమో. "పుట్టినప్పుడు నేనేమన్నా రాసి పెట్టుకుంటినా అప్పా?" అని ఒక ముసలాయన పకపకా నవ్వాడు. అయితే పెళ్ళి జరిగిన ఏడు మాత్రం అందరికీ గుర్తుంది. పెళ్ళినాటికి ఎన్నేళ్ళని పదిమంది ఆడవాళ్ళను అడిగాను. పదమూడని కొందరు, పదిహేనని కొందరు అన్నారు. సరాసరి పద్నాలుగు వచ్చింది. మగవాళ్ళకు అదే తీరున ఇరవై వచ్చింది. ఇక ఆ మాట అడగడం మానేసి, ఆడవాళ్ళయితే పెళ్ళయిన ఏళ్ళకు పద్నాలుగు, మగవాళ్ళయితే ఇరవై కలుపుతూ పోయాను. పని ఉరుకులు పెట్టింది. నా ఉపాయం చూసి నేనే మురిసిపోయాను.

పెద్దమ్మ తన పెళ్ళి స్వాతంత్ర్యం వచ్చిన నాలుగేళ్ళకు జరిగిందని చెప్పింది. నలభై తొమ్మిదికి పద్నాలుగు కలిపితే అరవై మూడు. అలాగే రాసుకున్నాను. సంగటి తిని పొమ్మంది. ఇంకా చాలా ఇళ్ళున్నాయని లేచి వచ్చేశాను.

ఎమ్మెల్యే అడిగింది పింఛను కోసం కాచుకున్నవారి జాబితా ఒక్కటే. వాళ్ళు పంతొమ్మిది మంది తేలారు. కానీ సగం లెక్క నాకు లెక్క కాదు. పింఛను వస్తున్నవారిని కూడా ఇంకో కాగితం మీద వయసులతో రాశాను. అరవై ఐదుకు తక్కువ వచ్చిన ఏడుగురి పేర్ల పక్కన ఎర్ర సిరాతో చుక్క పెట్టాను. ఆ ఏడుగురిలో పెద్దమ్మ ఉంది. తెలిసిన మనిషని చుక్క పెట్టకుండా వదిలేస్తే నా కాగితానికి విలువేముంటుంది అనుకున్నాను. రెండు కాగితాలూ కలిపి పిన్ను గుచ్చి ఇచ్చాను.

కొన్ని వారాలకు కుప్పంలో బంధువుల ఇంట్లో నిశ్చితార్థానికి వెళ్ళాను. పొద్దున్నే రైల్వే స్టేషను దగ్గర టీ తాగుతూ పేపరు తిప్పితే, జిల్లా పేజీలో మా ఎమ్మెల్యే ప్రశ్న కనిపించింది. దాని కింద ప్రభుత్వం జవాబు. గౌరవ సభ్యులు స్వయంగా ఇచ్చిన జాబితాను పరిశీలించి, వయసు చాలని ఏడుగురి పింఛన్లు ఇప్పటికే రద్దు చేశామని, వాటిని కాచుకున్న ఏడుగురికి మంజూరు చేశామని, సభ్యుల సహకారానికి కృతజ్ఞతలని.

మళ్ళీ చదివాను. ఏడు. నేను పెట్టిన చుక్కలు ఏడు.   భోజనానికి కూడా ఆగకుండా పలమనేరు బస్సెక్కి, అక్కడ బస్సు మారి, మధ్యాహ్నానికి ఆ ఊరు చేరాను.

పెద్దమ్మ వాకిట్లో కూర్చుని చింతకాయలు కొడుతోంది.

"నా పేరు కొట్టేసినారు నాయనా," అంది, నన్ను చూడగానే. "వయసు సాలదంట. ఎవురో లెక్కలు బాగా తెలిసినోడు రాసిచ్చినాడంట."

"నేనే పెద్దమ్మా."

చేతిలో రాయి కింద పెట్టింది. "నువ్వా? మనోడివే గదప్పా, నన్నొక మాట అడక్కపోతివా?"

"అడిగితిని గదా, పెండ్లయి ఎన్నేండ్లని."

"పెండ్లి సంగతి అడిగితివి. నా సంగతి అడిగితివా? మాయమ్మ పోయేటప్పటికి సంకలో ఒకటి, నేల మింద రెండు. తోడబుట్టిన ముగ్గుర్నీ సాకినాకనే నేను తాళి కట్టించుకునింది. ఇరవై నిండినాయి నాకు. ముదురు బెండకాయని మొగోని ఇంటోళ్ళు ఎన్ని దినాలు ఎగతాళి చేసినారో! ఈ ఈదిలో ఎవుర్నడిగినా చెప్తారు."

నలభై తొమ్మిది, ఇరవై. అరవై తొమ్మిది. ఇన్నేళ్ళలో నా లెక్క తప్పయిందని ఎవరూ అనలేదు. కూడికలో తప్పేమీ లేదు. ఆమె బతుకులో ఆరేళ్ళు నేను తీసి పారేశాను.

"మాత్రలు ఉండాయా పెద్దమ్మా?"

"దినం ఇడిసి దినం మింగతాండాను."

ఎమ్మెల్యే మదనపల్లెలో మీటింగుకు వచ్చాడని తెలిసి మర్నాడే పోయాను. ఆయన ముఖం ఇంకా వాడిపోయే ఉంది.

"సభలో అందరూ నగినారప్పా. నా కాయితమే నాకు సదివి ఇనిపించినారు."

"తప్పు నాది సార్."

"నాది గూడా. మొదటి కాయితం సూసుకోని, రెండోది తిప్పి గూడా సూడకుండా ఇచ్చేసినాను. యాల రాసినావప్పా దాన్ని?"

ఎందుకు రాశానో చెప్పుకోవడం మాని, ఆ వయసులన్నీ మళ్ళీ కనుక్కుంటానన్నాను. తేల్చుకొస్తే ఆఫీసుకు ఉత్తరం రాసిస్తానన్నాడు. ఏడుగురి వయసులూ ఈసారి ఇంటింట్లో కూర్చుని, అన్నదమ్ములనూ ఇరుగుపొరుగునూ అడిగి మళ్ళీ తేల్చాను. నిజంగా తక్కువున్నది ఇద్దరికే. మిగతా ఐదుగురి పేర్లతో ఎమ్మెల్యే ఉత్తరం పట్టుకుని ఆఫీసుకు పోయాను. అక్కడి అధికారి మంచివాడే. కుర్చీ చూపించి కూర్చోమన్నాడు.

"ఐదుగురూ అర్హులే, ఒప్పుకుంటాను. పెద్ద వయసు నుంచి వరసగా రాసుకుంటాను. మీ పెద్దమ్మదే మొదటి పేరు. కానీ ఆ చోట్లు నిండిపోయినాయి గదా. ఖాళీ రావాల."

"ఖాళీ ఎప్పుడొస్తాది సార్?"

ఆయన నా వైపు వింతగా చూశాడు. "అది నేనెట్ట చెప్పేదప్పా?"

తర్వాతి సమావేశాల్లో ఎమ్మెల్యే మళ్ళీ అడిగాడు. ఆ ఊరిలో కాచుకున్నవారు ఐదుగురున్నారని జవాబు వచ్చింది. ఇంకా మిగిలిన పన్నెండు మంది మాట లేదు. నేను బయటికి తోసినవాళ్ళను మాత్రమే ప్రభుత్వం ఒప్పుకుంది. మాత్రలు నేనే కొనిచ్చాను. పెద్దమ్మ రెండుసార్లు తీసుకుంది. మూడోసారి "నీ సొమ్ము నాకేల నాయనా, నాది నాకిప్పించు" అని సంచి వెనక్కిచ్చింది. తర్వాత అంగడికి రావడమే మానేసింది.

ఆమె పేరుతో అర్జీ రాసి, గల్లాపెట్టెలో సిద్ధంగా పెట్టుకున్నాను. ఆ ఊరి నుంచి ఎవరు వచ్చినా ముసలోళ్ళంతా ఎట్లా ఉన్నారని అడిగేవాణ్ణి. మంచికే అడుగుతున్నానని వాళ్ళనుకునేవారు.

ఎండాకాలంలో ఒకరోజు పొద్దున, తవుడు కోసం వచ్చిన రైతు చెప్పాడు, ఫలానా పెద్దాయన తెల్లారేటప్పటికి పోయినాడని. వయసు గురించి అడిగితే పకపకా నవ్విన ముసలాయనే. ఆయనకు పింఛను వచ్చేది. ఆ మాట వినగానే నా ఒళ్ళంతా తేలికైంది. సంతోషమది. ఇంకో పేరు దానికి లేదు. ఆ ఊళ్ళో మరణం రాయించుకుని, అటునుంచి అటే ఆఫీసులో అర్జీ ఇవ్వచ్చని, కాగితం జేబులో పెట్టుకుని అంగడి మూసి సైకిలు తొక్కాను. సగం దారిలో గాని నాకు తట్టలేదు, నేను ఒక మనిషి చావుకు ఎదురుచూసి, అది వచ్చిందని పరిగెడుతున్నానని.  సైకిలు దిగి మిగిలిన దారి నడిచాను.

ఆ ఇంటి ముందు ఇంకా పాడె కడుతున్నారు. పెద్దమ్మ లోపల, చనిపోయినాయన భార్య పక్కన కూర్చుని ఉంది. నన్ను చూసి బయటికి వచ్చింది. నా జేబులోంచి కనబడుతున్న కాగితం వైపు చూసింది.

"ఇంగా పీనుగ లేవలేదు గదప్పా. అంత తొందరేమొచ్చె నీకు?"

 కాగితం లోపలికి తోసుకుని వెనక్కి తిరిగాను.

"ఆగు," అంది, గొంతు తగ్గించి. "పదో దినం అయినాక రా. ఆ యమ్మకు గూడా ఒక అర్జీ రాయాల, మొగుడు పోయె గదా. వయసు నన్నడగొద్దు, నీ అంతట నువ్వు రాయొద్దు. ఆ యమ్మనే అడుగు."

పాడె కడుతున్నవాళ్ళ వైపు చెయ్యి చూపించి లోపలికి పోయింది. నేను మగవాళ్ళ మధ్యకు పోయి, పాడెకు తాడు అందించాను.