టంకశాల సమ్మెట

నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేయండి. మధ్యలో నవ్వితే లేచిపోతాను. ఇది ఎవరో చెప్పగా విన్నది కాదు. ఆ గదిలో నేనూ, మా తాతా... మూడో మనిషి లేడు. లేడనే ఇన్నేళ్లూ అనుకుంటున్నాను.

కోస్గిలో మా ఇల్లు. నిజాం నాటి హాలీ సిక్కాలు పోయి నయా పైసలు వచ్చిన రోజులు. నాకు ఇరవై ఏళ్లు. అమ్మానాన్నలు పోయాక నన్ను సాకింది తాతే. ఎనభై దాటిన మనిషికి వారంగా జ్వరం. "గీ రాత్రి గడిస్తే ముసలాయన బతుకుతడు" అని దవాఖాన కంపౌండర్ ఒక మాత్ర చేతిలో పెట్టాడు.

పడుచుతనంలో తాత పట్నంలో నాణేలు కొట్టే సర్కారు టంకశాలలో పనిచేశాడు. మిషన్లు రాని కాలం. వెండి కరిగించి, కడ్డీలు పోసి, ముక్కలు కోసి, బిళ్లలు చేసేవారట. కింది అచ్చు మీద బిళ్ల పెట్టడం తాత పని. వేళ్లు తీసేసి, పట్టకారుతో పై అచ్చు నిలబెట్టి, రెండుసార్లు తట్టాలి. టక్ టక్. ఆ మోతలో మాట వినబడదు కదా... ఆ తట్టు వింటేనే ఎదుటి మనిషి సమ్మెట దించాలి.

నడిరాత్రి తాత లేచి కూర్చున్నాడు. కళ్లు మూసే ఉన్నాయి. మంచం పట్టె మీద ఏదో పెట్టాడు... వేళ్లు తీశాడు... పట్టెను తట్టాడు. టక్ టక్.

ధన్!

గోడ అదిరింది. పైకప్పు నుంచి మట్టి రాలింది. బయటికి ఉరికి చూశాను. వీధిలో పురుగు లేదు. లోపలికొచ్చేసరికి మళ్లీ... టక్ టక్... ధన్!

"తాతా! పండుకోయే, నీ కాల్మొక్త!"

"నడిమిట్ల ఎట్ల ఆపుతర కొడుకా? గాయన సమ్మెట ఎత్తి నిలవడ్డడు."

ఎదురుగా ఎవరూ లేరు. కానీ... బరువు ఎత్తేవాడు లాగే ఊపిరి. నా చెంప పక్కనే. వేడిగా. అయ్యో దేవుడా!

మాత్ర గుర్తొచ్చింది. అదొక్కటే దిక్కనిపించింది. తాత మింగలేడు. ఇత్తడి గిన్నెలో వేసి, చెంచా వెనకతో నలగ్గొట్టాను.

టక్... టక్.

నా చెయ్యి ఆగిపోయింది. మెల్లగా తల తిప్పాను. తాత వేళ్లు ఇంకా పట్టె మీదే ఉన్నాయి...

ధన్!

ఆ అరుపు... వద్దులెండి.

తెల్లారేసరికి జ్వరం దిగింది. తాత కుడిచేతి మూడు వేళ్లు మాత్రం నల్లగా కమిలిపోయాయి. "జ్వరం మీద యాడనో కొట్టుకున్నడు" అన్నాడు కంపౌండర్. అయ్యుండొచ్చు. గోడ అదిరింది కూడా నా భయమే అయ్యుండొచ్చు. నాకేం తెలుసు?

తాత మరో నాలుగేళ్లు బతికాడు. ఆ వేళ్లు మళ్లీ ముడుచుకోలేదు. పూటపూటా నేనే తినిపించాను. ఆ రాత్రి గురించి ఒక్కసారే అడిగాడు. కోపం లేదు ఆ గొంతులో. ఉన్నా బాగుండేది.

"నేను చెయ్యి తియ్యకముందే ఎందుకు తట్టినవ్‌ర కొడుకా?"

ఇంకో ముద్ద కలిపాను.