రైసుమిల్లు ప్రదర్శనశాలలో మూడో మనిషి

పాత మిల్లులను ప్రదర్శనశాలలుగా మారిస్తే శ్రామికుల జ్ఞాపకం నిలుస్తుందని కళాశాల చర్చాపోటీలో వాదించి నెగ్గాను. అలాంటి ప్రదర్శనశాలను ఒక్కటైనా చూడకుండా వాదించానన్న సంగతి తరువాత నన్ను వదలలేదు. అందుకే మొన్న శనివారం ఉదయం ఏడూ నలభైకి విజయవాడలో మచిలీపట్నం బస్సు ఎక్కాను. పామర్రులో దిగేసరికి తొమ్మిది దాటింది. బస్టాండు ఎదుట ఇడ్లీ తిని, రైసుమిల్లు ప్రదర్శనశాల ఉన్న ఊరికి కాలువగట్టు మీదుగా వెళ్లే షేర్ ఆటోలో కూర్చున్నాను. చార్జీ ముప్పై రూపాయలు.

పక్కన డెబ్బై దాటిన మరియమ్మగారు. ఆ మిల్లు కళ్లంలో ముప్పయ్యేళ్లు ఉప్పుడు ధాన్యం ఎండబోసిన మనిషి. భర్త యేసుదాసు అక్కడే హమాలీ. ఎత్తుగా పేర్చిన బస్తాల నెట్టు కూలి మీద పడి చనిపోయాడు.

"ఇంట్లో ఆయన ఫొటో ఒక్కటీ లేదు బాబూ. మొహం మర్చిపోతన్నాను. హమాలీల ముఠా అంతా కలిసి దిగిన పటం అక్కడ పెట్టారంట. నీ ఫోన్లో తీసిపెట్టవా?"

డ్రైవరు వెనక్కి తిరిగాడు. "టిక్కెట్టు కొనాలి మామ్మగారూ. ఊరికే లోపలికి పంపరు."

"అప్పుడు బయటికే పంపేవోళ్లు కాదులేరా."

పదిన్నరకు చేరాం. టిక్కెట్టు యాభై. బాయిలర్‌కు ఎర్రరంగు వేశారు. పొగగొట్టానికి దీపాల తోరణాలు చుట్టారు. కళ్లంలో గొడుగుల కింద కాఫీ బల్లలు వేశారు. ఒక మూల చెక్కపారతో ధాన్యం తిరగేస్తున్న స్త్రీ బొమ్మ ఉంది.

"పారలెక్కడియ్యి? కాళ్లతోనే తిరగేసేవాళ్లం" అన్నారు మరియమ్మగారు. "అరికాళ్లు ఉడికిపోయేయి."

ఆమె బెంచీ మీద అలసట తీర్చుకుంటుంటే నేను ముందుకు నడిచాను. చివరి గదిలో నిలువెత్తు చెక్క పలక. గోనెసంచులు మడిచి తలకు తొడుక్కున్న అయిదుగురు హమాలీల చిత్రం దాని మీద ఉంది. ముఖాలుండవలసిన చోట గుండ్రటి కంతలు.

"వెనక నిలబడి మొహం పెట్టండి సార్, బాగా వస్తుంది" అంది అక్కడి ఉద్యోగిని. మూడో కంతలో ముఖం పెట్టి నవ్వాను. ఆమె నా ఫోన్‌తో ఫొటో తీసింది.

మరియమ్మగారు వచ్చి పలక పొడవునా నడిచి, మూడో మనిషి దగ్గర ఆగారు. అతని ఎడమచేతిలో బస్తాలు లాగే కొక్కెం ఉంది. తక్కిన నలుగురికీ కుడిచేతిలో ఉంది.

"ఈయనే. ఎడంచేతి వాటం." ఆమె వేళ్లు పైకి పాకి, కంత అంచు తగలగానే ఆగిపోయాయి. "మొహం ఏదమ్మా?"

ఉద్యోగిని వెళ్లి మేనేజరును పిలుచుకొచ్చింది.

మేనేజరు మర్యాదస్తుడు. "పాత ఫొటోనే పెద్దది చేయించామండీ. పిల్లలు సరదాపడతారని ముఖాలు తీయించాం."

"అసలు ఫొటో?" అన్నాను.

"చెద తినేసిందండీ. పలక చేసినవాళ్లనీ అడిగాం, వాళ్ల దగ్గరా కాపీ లేదు."

వాళ్ల ఇళ్లవాళ్ల అనుమతి తీసుకున్నారా అని అడిగాను. ఒక్కరి పేరైనా ఎందుకు రాయలేదని అడిగాను. గోడకున్న మిల్లు యజమాని చిత్రపటానికి కంత ఎందుకు పెట్టలేదని అడిగాను. ప్రతి ప్రశ్నకూ ఆయన తల ఊపి, "మీరన్నది నిజమేనండీ" అన్నారు. వాదన నేనే నెగ్గాను. ఫొటో లేదు.

ఒంటిగంటకు తిరుగు ఆటో ఎక్కాం. ఆమె నా వైపు తిరిగి, "ఇందాక ఆ పిల్ల నీకు తీసిన ఫొటో చూపించు" అన్నారు.

నేను ఫొటో దిగడం ఆమె చూశారని నాకు తెలియదు. ఫోన్ ఇచ్చాను. యేసుదాసు ఒంటి మీద నా ముఖం నవ్వుతోంది. ఆమె బొటనవేలితో దాన్ని కప్పి, మిగిలినదంతా చాలాసేపు చూశారు.

"చెయ్యి ఆయనదే. ఇది కడిగించి పంపు బాబూ. నీ మొహం మీద ఏదన్నా అంటించుకుంటాలే."

వంతెన దగ్గర ఆమె దిగిపోయారు. పామర్రు నుంచి విజయవాడ వచ్చేదాకా నేను ఆ ఫొటో మళ్లీ తెరవలేదు.

ఆ ఊరు వెళ్లదలచినవారికి ఉదయం బస్సే అనుకూలం. రెండు గంటల్లో అన్నీ చూడవచ్చు. చివరి గదిలో ఎడమచేత కొక్కెం పట్టుకున్న మనిషి పేరు యేసుదాసు. అక్కడ ఎవరూ చెప్పరు కనుక ఇక్కడ రాస్తున్నాను.