మైకు మావయ్య సొంత మాట

ఆ ఊళ్ళో ఎవరైనా పోయారంటే ముందు డాక్టరు చెప్పాలి, తర్వాత మైకు మావయ్య చెప్పాలి. డాక్టరు చెబితే ఇంట్లోవాళ్ళు నమ్ముతారు, మావయ్య చెబితే ఊరు నమ్ముతుంది. ఆటో పైన రెండు లౌడ్‌స్పీకర్లు, సీటు కింద బ్యాటరీ, చేతిలో మైకు, ఇదీ ఆయన సరంజామా. నీళ్ళు రాని రోజైనా, కరెంటు తీసే వేళైనా, దుప్పట్ల సేలైనా, తప్పిపోయిన మేకైనా ఆయన నోట వినాల్సిందే. సొంత మేనల్లుడు ఒక్కడూ లేడు గానీ ఊరంతా ఆయనకు మేనల్లుళ్ళే. ఆయనకంటే పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా మావయ్యా అనే పిలిచేవారు.

గొంతు సంగతి చెప్పాలి. కంచు అంటారే, అది. ఇంట్లో మంచినీళ్ళు అడిగినా నాలుగు వీధుల అవతల ఎవరో చెంబు పట్టుకుని లేచేవారని ఆయన భార్య వేళాకోళం చేసేది. ఎవరు ఏ కాగితం తెచ్చి ఇచ్చినా ఒకసారి చదివి, మడిచి జేబులో పెట్టుకుని, తన ధోరణిలో చెప్పడం ఆయన పద్ధతి. రాసేవాడికి రాయడం రాదు, వినేవాడికి ఓపిక ఉండదు, ఇద్దరి మధ్యా నేనున్నాను కాబట్టి పని జరుగుతోంది అనేవాడు. మాట చివర తూకం తగ్గిందనిపిస్తే తన సొంతంగా ఒక ముక్క వేసేవాడు. ఒకసారి మేక తప్పిపోతే, నల్లమచ్చల మేక అని ఊరుకోకుండా, పాలు మరవని పిల్లలున్న తల్లి అని కూడా కలిపాడు. ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకుంటూ వీధుల్లో వెతికారు. తీరా దొరికాక చూస్తే అది పోతు. అందరూ నవ్వుకున్నారు తప్ప ఆయన్ని తప్పుపట్టినవాళ్ళు లేరు.

ఆయనకు ఎంత నోరుందో తమ్ముడికి అంత లేదు. నోట్లో నాలుక లేని మనిషి. ఊరి రోడ్డు హైవేలో కలిసే చోట భార్యాభర్తలిద్దరూ ఒక దుకాణం నడిపేవారు. ఆమె టీ కాచేది, అతను బిస్కెట్లూ నీళ్ళ సీసాలూ ఫ్యాన్ బెల్టులూ అమ్మేవాడు. హైవే మధ్యలో ఉన్న డివైడర్‌కి సరిగ్గా దుకాణం ఎదురుగా ఒక సందు ఉండేది. అవతలి వైపు నుంచి వచ్చే లారీలు ఆ సందులోంచి ఇటు తిరిగేవి. తిరిగేటప్పుడు నెమ్మదించాలి కదా, నెమ్మదించిన డ్రైవరుకి పొయ్యి మీద పొగలు కక్కే కెటిల్ కనిపించేది, బండి ఆగేది. ఆ సందు ఉంటేనే దుకాణం, దుకాణం ఉంటేనే వాళ్ళ పొయ్యి. అన్నదమ్ములు ఒకే ఇంట్లో మధ్యగోడ పెట్టుకుని ఉండేవారు కాబట్టి ఈ సంగతి మావయ్యకు ఒకరు చెప్పక్కర్లేదు.

అలాంటి ఊరి పక్కన, హైవే మీదే కాస్త ముందుకు, పెద్ద పెట్రోలు బంకు వస్తుందన్న వార్త దిగింది. పెట్రోలు బంకంటే రెండు పంపులూ ఒక గాలి గొట్టమూ కాదు. వరసలు వరసలుగా పంపులు, పక్కనే సినిమా హాలంత ఏసీ దుకాణం, లారీలు పడుకోవడానికి మైదానమంత స్థలం. ఊరు రెండుగా చీలిపోయింది. క్షౌరశాలలో సగం గడ్డంతో లేచి నిలబడి వాదించుకున్నవాళ్ళున్నారు. వంద మందికి ఉద్యోగాలొస్తాయని ఒకరు, చదువుకున్న మన పిల్లలు పైపు పట్టుకుని నిలబడాలా అని ఇంకొకరు. నేలలో అంత పెట్రోలు దాస్తే మన బావుల గతేమిటని రైతులు, బంకు వస్తే డివైడర్‌లో సందు మూసేస్తారేమోనని దుకాణదారులు. అన్నిటికంటే ఎక్కువ చర్చ జరిగింది మాత్రం మరుగుదొడ్ల గురించి. ఆ కంపెనీ బంకుల్లో అవి అద్దంలా ఉంటాయట. బస్సులో ప్రయాణం చేసిన ఆడవాళ్ళు ఆ ఒక్క మాటకే బంకు వైపు మొగ్గారు, వాళ్ళని తప్పుపట్టే ధైర్యం ఏ మగాడికీ లేకపోయింది. పట్టకూడదు కూడా.

కొత్త బంకుకి అనుమతి ఇచ్చే ముందు స్కూలు హాల్లో సభ పెట్టి ఊరివాళ్ళ అభ్యంతరాలు వింటామని పై అధికారి కబురు పంపాడు. వెంటనే దుకాణదారులు మావయ్య దగ్గరికి వచ్చారు. మన పొట్ట మీద కొట్టే బంకు వద్దని చెప్పమన్నారు. చెప్పాడు. మర్నాడు కంపెనీ మేనేజరు వచ్చాడు. ఊరి అభివృద్ధికి సహకరించమని చెప్పమన్నాడు. అదీ చెప్పాడు. పొద్దున ఒక పాట, సాయంత్రం ఒక పాట. ఊరు పగలబడి నవ్వింది. ఇంట్లో భార్య మాత్రం నవ్వలేదు. సొంత తమ్ముడి దుకాణం పోయే వ్యవహారంలో రెండు పడవల మీద కాళ్ళేమిటని నిలదీసింది. మైకు ఎవరిదీ కాదే, పోస్టుమ్యాను ఉత్తరం చదివి బాధపడతాడా అని ఆయన సమాధానం. ఆ పోలిక ఆయనకు బాగా నచ్చింది కూడా.

మేనేజరు ఇచ్చిన కాగితంలో ఒక వాక్యం ఉంది. ఇప్పుడున్న దుకాణాలకు ఇబ్బంది రాదు, రోడ్డు ఉన్నది ఉన్నట్టే ఉంటుంది అని. నిజమేనా అని మావయ్య అడిగాడు. మీరే చూశారు కదండీ, కాగితం మీదే ఉంది అన్నాడు మేనేజరు. సరే, రోజూ అరవడమెందుకని ఒకసారి చెప్పి రికార్డు చేసుకున్నాడు. ఆ వాక్యం దగ్గరికి వచ్చేసరికి చివర తూకం తగ్గినట్టనిపించింది. నోరు ఊరుకోలేదు. "దీనికి మీ మైకు మావయ్యదే పూచీ" అని కలిపాడు. అడిగినవాడు లేడు, రాసినవాడు లేడు. విని చూసుకుంటే ఎంతో నిండుగా ఉంది. ఆ వారమంతా ఆటో నడుపుతూ ఆ పూచీని వీధివీధికీ పంచాడు.

దాన్ని అందరికంటే శ్రద్ధగా విన్నది తమ్ముడి భార్య. అప్పటికే ఆమె రోజూ ఆగే లారీ డ్రైవర్లతో మాట్లాడి పెట్టుకుంది. సభ రోజున వచ్చి, ఈ సందు మూస్తే మాకూ కష్టమని నాలుగు మాటలు చెబుతామని వాళ్ళు ఒప్పుకున్నారు. ఆ సాయంత్రం మధ్యగోడ దగ్గర నిలబడి, నిజంగానే సందు మూయరా బావగారూ అని అడిగింది. తెలియదమ్మా అంటే పోయేది. కానీ ఊరందరికీ పూచీ ఇచ్చినవాడు ఇంట్లో మనిషికి తెలియదని ఎలా చెబుతాడు? మూయరమ్మా అన్నాడు. మర్నాడు ఆమె డ్రైవర్లతో, పని మానుకుని రావద్దులెండి, మా బావగారు కనుక్కున్నారు అని చెప్పేసింది.

సభకు మైకు పెట్టింది కూడా మావయ్యే. ఎవరు లేస్తే వాళ్ళ దగ్గరికి మైకు తీసుకెళ్ళి పట్టుకోవాలి. బావుల గురించి రైతులు మాట్లాడారు, ఉద్యోగాల గురించి కుర్రాళ్ళు మాట్లాడారు. చివరికి ఎవరూ అనుకోనిది, తమ్ముడు లేచాడు. అన్న మైకు పట్టుకుంటే దాన్ని చూసి ఒకడుగు వెనక్కి వేశాడు. మా దుకాణం ముందు సందు మూసేది లేదని అధికారిగారు కాగితం మీద రాసివ్వాలి అని ఎలాగో అన్నాడు. అప్పుడు వెనక నుంచి ఎవరో, "మీ అన్నే పూచీ పడ్డాడు కదయ్యా. అధికారినెందుకు, ఇంటికెళ్ళి ఆయన్నే అడుగు" అన్నారు.

హాలంతా నవ్వింది. అధికారి కూడా నవ్వాడు. తమ్ముడు నవ్వలేదు, అన్న ముఖంలోకి చూశాడు. మైకు ఇంకా ఆయన చేతిలోనే ఉంది. ఆ మాట కాగితంలో లేదు, నోటి తీటకొద్దీ అన్నాను, రాసివ్వండి అని అంటే సరిపోయేది. అలా అంటే ఇన్నేళ్ళుగా తను చెప్పినవాటిలో ఏది నిజమో ఏది తూకమో ఊరు లెక్క వేయడం మొదలుపెడుతుంది. ఊరినంతా లేపే ఆ గొంతు, మైకు అంత దగ్గరగా ఉండి కూడా, పెగల్లేదు. తమ్ముడు కూర్చున్నాడు. అధికారి తర్వాతి మనిషిని పిలిచాడు.

అనుమతి వచ్చింది. బంకు ఇంకా తెరవకముందే ఒక పొద్దున సందులో సిమెంటు దిమ్మలు దిగాయి. అవతలి లారీలు హారను కొట్టి, చెయ్యి ఊపి, సాగిపోవడం మొదలుపెట్టాయి. పొయ్యి మీద కెటిల్ మరిగి మరిగి చేదెక్కేది. మావయ్య మేనేజరు దగ్గరికి పరుగెత్తాడు. మేనేజరు ఆయన్ని ఏసీ గదిలో కూర్చోబెట్టి, చల్లటి నీళ్ళ సీసా చేతికిచ్చి, రోడ్డు మాది కాదు కదండీ, ప్రమాదాలవుతాయని రోడ్డు వాళ్ళు మూశారు అన్నాడు. ప్రారంభానికి ప్రకటన మీ గొంతులోనే రావాలని కూడా అన్నాడు. మావయ్య ఆ సీసా మూత తీయకుండానే బల్ల మీద పెట్టి వచ్చేశాడు.

మర్నాడు ఆయన జేబులో కాగితం లేకుండా ఆటో ఎక్కాడు. అలా ఎక్కడం అదే మొదటిసారి. మైకు పట్టుకున్నాడు గానీ ఆ నిండుదనం రాలేదు, మాటలు ముక్కలు ముక్కలుగా వచ్చాయి. నేను చెప్పింది తప్పు. సందు మూసేశారు. ఎవరూ అడక్కుండా పూచీ అన్నాను. మా తమ్ముడి దుకాణం పోతోంది. అందరం కలిసి వెళ్ళి అధికారిని అడుగుదాం, రండి. ఇంతే. చివర కలపడానికి ఏ ముక్కా దొరకలేదు. జనం గుమ్మాల్లోకి వచ్చి విన్నారు. చాలా బాగా చెబుతున్నాడన్నారు. ఒక ముసలమ్మ గేటు దగ్గర ఆటో ఆపించి మెచ్చుకుంది. "ఏడుపొచ్చింది మావయ్యా. ఈసారి ఎవరు చెప్పించారు?"

"ఎవరూ లేరమ్మా. నేనే."

"చెప్పేది నువ్వే, తెలీదా ఏమిటి! చెప్పించింది ఎవరని."

ఆటో ముందుకు పోనిచ్చాడు. దర్జీ కొట్టు దగ్గర కూడా అదే ప్రశ్న, పాలకేంద్రం దగ్గరా అదే. దుకాణదారులు మళ్ళీ ఈయన్ని పట్టారన్నమాట అని ఒకరికొకరు చెప్పుకున్నారు. తన గొంతుతో తను ఒక్క మాట చెప్పుకోవడానికి ఊళ్ళో చోటు లేదని ఆయనకు అప్పుడు తెలిసింది. సిగ్గేసింది, కోపమొచ్చింది, ఆ కోపం ఎవరి మీద చూపాలో తెలియలేదు. అయినా మానలేదు. అలా చెప్పుకుంటూనే హైవే దాకా వచ్చాడు.

తమ్ముడు దుకాణంలోంచి పరుగున వచ్చి ఆటోకి అడ్డంగా నిలబడ్డాడు.

"ఆపు అన్నయ్యా. నీ మరదలికి ఆ బంకులో పని ఇస్తామన్నారు. బాత్రూములు కడిగే పని. సోమవారం నుంచి రమ్మన్నారు. నువ్విలా తిరుగుతున్నావని తెలిస్తే వద్దంటారు."

మావయ్య చేతిలో మైకు ఇంకా ఆన్‌లోనే ఉంది. తమ్ముడి మాటలు రెండు లౌడ్‌స్పీకర్లలోంచి హైవే మీదికి పోయాయి. తమ్ముడు గతుక్కుమన్నాడు. ఆమె పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చి, మైకు తన చేతిలోకి తీసుకుని, మీట వెతికి ఆపేసింది. ఆమె ముఖంలో కోపం లేదు, అదే ఆయనకు భరించరాకుండా ఉంది.

"ఆ రోజు హాల్లో మాట్లాడాల్సింది బావగారూ," అంది. "ఇవాళ మాట్లాడకండి."

మావయ్య తల ఊపాడు. ఆమె గ్లాసులో టీ పోసి తెచ్చి ఇచ్చింది. అది చేదుగా ఉంది. అయినా గ్లాసు ఖాళీ అయ్యేదాకా తాగాడు.